గోడ అవతలి కూత

నర్సింహమ్మ మరచిపోయే మనిషి కాదు. ముత్తంగిలో ఈ సంగతి తెలియనివాళ్లంటే కొత్తగా కిరాయికి దిగినవాళ్లే. ఆమె పెళ్లయి వచ్చిన కొత్తలో పక్కింటి బక్కమ్మ చెప్పకుండా వాళ్ల పందిరి చిక్కుడుకాయలు కోసుకుపోయింది. నర్సింహమ్మ అప్పుడు పల్లెత్తు మాట అనలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆడబిడ్డ పెళ్లిలో అదే బక్కమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి బంతిలో కూర్చోబెట్టింది. అందరికీ చిక్కుడుకాయ కూర వడ్డిస్తూ వచ్చి, ఆమె విస్తరి దగ్గర మాత్రం గిన్నె ఎత్తుకుని ముందుకు నడిచింది.

"నీకు మా చిక్కుడుకాయ రుచి ఎర్కనే గదా వదినా!" అంది.

బంతి బంతంతా నవ్వింది. దాంతో లెక్క సరిపోయింది. మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే నీళ్లకు పోయారు.

రాజుల పగలకు రాళ్ల మీద చోటు దొరుకుతుంది. ఫలానా కోట కూల్చారని, ఫలానా ఊరు తగలబెట్టారని ఇప్పటికీ చదువుకుంటాం. చీపురు పట్టిన మనిషి పగ ఎలా నడుస్తుందో చెక్కించినవాళ్లు లేరు. అది అన్నం వండుతూనే నడుస్తుంది. బట్టలు ఆరేస్తూ, ఆటోకు చెయ్యెత్తుతూ, పక్కవాళ్ల పిల్ల ముక్కు తుడుస్తూ కూడా నడుస్తుంది. నర్సింహమ్మ పగ గోడ అవతలికి నడిచింది. ఆ గోడ పటాన్‌చెరు దగ్గర రెండు కంపెనీల మధ్య ఉంది. అటువైపు మందుల కంపెనీ, ఇటువైపు రంగుల కంపెనీ.

ఆమె మొగుడు మల్లయ్య మందుల కంపెనీలో మోటరు ఆపరేటర్. ఉన్న భూమి ఔటర్ రింగ్ రోడ్డు కింద పోయాక, నాగలి పట్టిన చెయ్యే స్విచ్చు మీద పడింది. మల్లయ్య నెమ్మదస్తుడు. ఆవలింత వస్తే పక్కకు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే రకం. ఆసిడ్ కలిసిన వేడి నీళ్లు ఒక పెద్ద ట్యాంకులోకి ఎక్కించి, నిండగానే మోటరు ఆపడం అతని పని. మొదట్లో నిచ్చెన ఎక్కి తొంగిచూసి ఆపేవాడు. తర్వాత సంగప్ప వచ్చాడు.

సంగప్పది సంగారెడ్డి. ఎనభైలలో పాత జైలుకు పోయే దారిలో రేడియోలు బాగుచేసేవాడు. ఆ తర్వాత ఇళ్ల మీద టీవీ ఏంటెనాలు నిలబెట్టాడు, ఆ తర్వాత కేబుల్ వైర్లు లాగాడు. రెండు వేల ఏడో ఏడు వచ్చేసరికి కంపెనీలలో వైర్‌లెస్ డబ్బాలు బిగించే కాంట్రాక్టరయ్యాడు. చేతివేళ్లలో పనితనం ఉన్నవాడే, కాదనడానికి లేదు. ఒక్కటే యావ, తొమ్మిది. స్కూటరు నంబరు తొమ్మిది. సెల్లు నంబరు అంకెలన్నీ కూడితే తొమ్మిది. పెళ్లిచూపులకు కూడా తొమ్మిదో తారీకునే పోయానని టీ బండి దగ్గర చెప్పుకునేవాడు.

ఆ డబ్బాల సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వెనకట మక్కచేలల్లో కూలీలు పనిచేసేటప్పుడు, బువ్వ వేళకు గట్టు మీది మనిషి ఒక కేక పెట్టేది. దగ్గరున్న మనిషి అది విని అవతలి మనిషికి అందించేది, ఆమె ఇంకొకరికి. అలా నోటి నుంచి నోటికి దాటి, చేను చివర వంగి ఉన్న మనిషికి కూడా కబురు అందేది. ఈ డబ్బాలదీ అదే పద్ధతి. ట్యాంకులో నీళ్ల మీద తేలే బంతి ఒకటి ఉంటుంది. నిండితే బంతి లేస్తుంది. దాని డబ్బా "నిండింది" అని కేక పెడుతుంది. పక్క స్తంభం మీది డబ్బా అందుకుంటుంది, దాని తర్వాతది అందుకుంటుంది, చివరికి మోటరు గదిలో బోర్డు మీద ఎర్ర లైటు వెలిగి సైరన్ కూస్తుంది. బంతి దిగి ఉంటే "ఖాళీ ఉంది" అన్న కేక మళ్లీ మళ్లీ వస్తుంది. అప్పుడు సైరన్ ఆగి పచ్చ లైటు వస్తుంది.

అయితే పక్కపక్క చేలల్లో రెండు కూలి గుంపులు ఉంటే? ఒక గుంపు బువ్వ కేకకు రెండో గుంపు లేచి పోకూడదు కదా. అందుకని ఎవరి గుంపు పేరుతో వాళ్లను పిలిచేవారు. డబ్బాలకు కూడా అలాగే గుంపు నంబరు ఉంటుంది. గుంపు లోపల ఏ డబ్బా పిలిచిందో తెలియడానికి ఒక్కోదానికి వరస నంబరు కూడా ఉంటుంది. ఒక గుంపు డబ్బా ఇంకో గుంపు కేక విన్నా పట్టించుకోదు. సంగప్ప మందుల కంపెనీకి ఒక గుంపు బిగించాడు, గోడ ఇవతల రంగుల కంపెనీకి ఒకటి, రోడ్డు అవతల సీసాల కంపెనీకి ఇంకొకటి. మూడింటికీ శుభమా అని తొమ్మిదే పెట్టాడు. పద్దెనిమిది కూడా తొమ్మిదే కదా అని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. "కూడితే వచ్చిన తొమ్మిది దత్తత కొడుకసొంటిది. నాకు కన్నకొడుకు గావాలె" అనేవాడు.

రంగుల కంపెనీ సంపు మీద నాలుగో డబ్బా బిగించిన వారమే మందుల కంపెనీ ట్యాంకు పొర్లింది. అక్కడా ఆ ట్యాంకుది నాలుగో డబ్బానే. కింద నేల కడుగుతున్న కూలీ చిన్నరాములు రబ్బరు బూట్లలోకి ఆ వేడి ఆసిడ్ నీళ్లు పోయాయి. బూట్లు ఊడదీసేటప్పుడు అతను పెట్టిన కేకలు రోడ్డు దాకా వినిపించాయంటారు. ప్రాణం దక్కింది గానీ కాళ్లు దక్కలేదు.

మల్లయ్య ఒకటే చెప్పాడు. "సైరన్ ఒక్క కూత కూసి ఆగింది. సూస్తె పచ్చ లైటే ఉండె. ఖాళీ ఉన్నదనుకుని మోటరు నడిపిచ్చిన."

సంగప్ప వచ్చి బోర్డు చూశాడు, డబ్బా విప్పి చూశాడు. అంతా సక్రమంగా ఉంది. అందరూ గుమిగూడిన వాకిట్లో చేతులు దులుపుకుంటూ అన్నాడు:

"డబ్బాలు నిద్రపోవు. మనుషులే నిద్రపోతరు."

ఆ ఒక్క మాటతో మల్లయ్య కొలువు పోయింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ముత్తంగి టీ బండి దగ్గర కూడా సంగప్ప అదే మాట చెప్పి నవ్వించాడు. ఊరు ఊరంతా "నిద్ర మల్లయ్య" అనడం మొదలుపెట్టింది. మేనేజరు కామేశ్వరరావు పెద్ద సైరన్ ఒకటి తెప్పించి పెట్టించాడు, ఇక నిద్రపోయినవాడు కూడా లేచి కూర్చుంటాడని. భయంతో చాలాకాలం ట్యాంకును సగానికి మించి నింపలేదు. తప్పు బయటపడకపోవడానికి అదే కారణం.

ఆనాటి నుంచి మల్లయ్య పగటిపూట నడుం వాల్చలేదు. జ్వరమొచ్చినా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కళ్లు మూతపడితే తనను తానే గిల్లుకునేవాడు. రాత్రిళ్లు కూడా మంచం పట్టెమీద కూర్చునే తెల్లారబెట్టేవాడు. నర్సింహమ్మ చూసి చూసి దిండు తెచ్చి పక్కన పెట్టేది.

"జెరసేపు పండు. నేను ఎవరికీ చెప్ప."

"ఎవరన్న సూస్తరు, నర్సీ."

ఇల్లు గడవడానికి ఆమె రంగుల కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. చిన్నరాములు కొలువు అతని పెళ్లాం శివమ్మకు ఇచ్చారు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే ఆటో. శివమ్మ ఆటో ఎక్కితే ముఖం బయటికి తిప్పి, గాలితో మాట్లాడినట్టు అనేది:

"కొందరి మొగుళ్లు పండుకుంటరు, కొందరి మొగుళ్లు లేవనే లేవరు. ఏం జేస్తం, మా రాత."

నర్సింహమ్మ పళ్లు బిగించి కూర్చునేది. ఈ నోరు పడిపోవాలని మనసులో మొక్కుకునేది.

ఒకనాడు సూపర్‌వైజరు ఆమెను సంపు దగ్గరికి పంపాడు. తేలే బంతికి రంగు తెట్టు పట్టిందట, గోకాలట. బంతి లోపలికి ఉంది, చెయ్యి అందలేదు. నర్సింహమ్మ చీపురు కట్టె తిప్పి పట్టి, బంతిని కింది నుంచి పైకి లేపింది.

గోడ అవతల సైరన్ కూసింది. కాసేపట్లో దానంతటదే ఆగిపోయింది.

ఆమె ఉలిక్కిపడి కట్టె వదిలేసింది. ఏమీ తోచక మళ్లీ పని మొదలుపెట్టింది. బంతి మళ్లీ లేచింది, గోడ అవతల మళ్లీ కూత, మళ్లీ ఆగింది. ఒక్క కూత కూసి ఆగింది. మల్లయ్య గొంతు ఆమె చెవిలో పలికింది. మూడోసారి కావాలనే లేపింది.

డబ్బాల మర్మం ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఇక్కడ లేపితే అక్కడ కూస్తోంది. అలాంటప్పుడు ఇక్కడ దిగి ఉంటే అక్కడి కూత నోరు మూస్తుంది. మొగుడు నిజం చెప్పాడు. ఆమె చీపురు ఒడిలో పెట్టుకుని సంపు గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపు అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు పగ వచ్చి పక్కన కూర్చుంది.

మరొకరైతే ఉరికి పోయి మేనేజరుతో చెప్పేవాళ్లే. నర్సింహమ్మ చెప్పలేదు. చెబితే సంగప్ప వస్తాడు, లోపల ఏదో తిప్పుతాడు, తప్పు మాయమవుతుంది. తర్వాత "ఏది చూపెట్టు" అంటారు. వాడికి దిద్దుకునే సందు ఇవ్వకూడదు. అంతకన్నా ముందు వాడికి నిద్ర లేకుండా చెయ్యాలి.

రంగుల కంపెనీ గేటు దగ్గర నిలబడితే మందుల కంపెనీ గేటు కనిపిస్తుంది. తొమ్మిదో నంబరు స్కూటరు అక్కడ ఆగిందంటే ఆమె చీపురు తీసుకుని సంపు వైపు నడిచేది. సంగప్ప పని ముగించి స్కూటరు స్టార్టు చేసిన చప్పుడు వినిపించగానే బంతి లేచేది. వెనక్కి పిలిచేవారు. పరేషానై లోపలికి పోయేవాడు. అంతా బాగానే ఉండేది. బయటికి వచ్చి కిక్కు కొట్టేవాడు. మళ్లీ కూత. బ్యాటరీలు మార్చాడు. డబ్బా మార్చాడు. ఎలుకలన్నాడు, బల్లులన్నాడు. చివరికి డబ్బాకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడని తెలిసిన రోజు నర్సింహమ్మ సంపు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి కొలువు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

కంది ఊరి నుంచి ఎవరో కొత్త బేరగాళ్లను వెంటబెట్టుకుని డబ్బాలు చూపించడానికి తెచ్చాడు ఒకసారి. ఆనాడైతే బంతి ఎక్కి దిగి ఎక్కి దిగి, సైరన్ పిచ్చిపట్టినదానిలా మొత్తుకుంది. బేరగాళ్లు చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం టీ బండి దగ్గర సంగప్ప ఒక్కడే, తల దించుకుని గ్లాసు తిప్పుతూ కనిపించాడు. నర్సింహమ్మ ఆటో దిగి నేరుగా అక్కడికే వెళ్లింది.

"సంగప్ప సారూ, మీ డబ్బాకు పీడకలలొస్తున్నయా ఏంది?"

"డబ్బాకు కలలేందమ్మా?"

"మీరే అంటిరి గదా నిద్రపోదని. మరి గట్ల ఉలికిపడి ఉలికిపడి లేస్తున్నదట? జెర తాయత్తు కట్టియ్యిండ్రి."

టీ బండివాడు కిసుక్కుమన్నాడు. సంగప్ప చాయ్ సగంలో వదిలేసి లేచాడు. ఆ సగం చాయ్ చూసి నర్సింహమ్మకు పండగలా అనిపించింది. పగకు ఒక రుచి ఉంటుంది. అలవాటు పడ్డ నాలుక ఇంకా కావాలంటుంది. స్కూటరు ఉన్నా లేకపోయినా ఆమె చెయ్యి బంతి మీదికి పోవడం మొదలైంది.

దసరా దగ్గరపడింది. ఆటోలో శివమ్మ ఎప్పటిలాగే బయటికి చూస్తూ, పక్కనున్న ఆడవాళ్లతో గొణిగింది.

"ఆ సైరన్ ఊకె కూసి కూసి మా పానం తీస్తున్నదని దాని నోటికి గోనె సంచి కట్టిండ్రు. ఇప్పుడు కూసినా ఎవలూ తల ఎత్తరు. పని ఎక్కువైంది, ట్యాంకు మళ్ల మొత్తం నింపుతున్నరు. కింద కడిగేది నేనే. నా గతి ఏమైతదో."

నర్సింహమ్మ చెప్పేద్దామని నోరు తెరిచింది. మరుక్షణం లోపలి నుంచి ఇంకో మాట వచ్చింది. పొర్లనీ. ఇంకొకరి కాళ్లు కాలితేనే నా మొగడి మాట నిజమైతది. కాలేది ఈ నోరు పారేసుకునేదాని కాళ్లే అయితే ఇంకా మేలు. ఆ మాట ఆమె సొంతమే, ఎవరూ నేర్పింది కాదు. దాన్ని ఇంటిదాకా మోసుకుపోయింది. అన్నం వండింది, తిన్నది. మర్నాడు మళ్లీ దానితోనే ఆటో ఎక్కింది.

ఎదురుగా శివమ్మ కాళ్లు కనిపించాయి. బారెడు రబ్బరు బూట్లు. లోపల పాత గుడ్డలు కుక్కి, పిక్కలకు సుతిలితాడుతో కట్టుకుంది. అవి చిన్నరాములు బూట్లు. ఒకదాని పక్కన కోసి, మళ్లీ కుట్టిన గుర్తు ఉంది. ఆనాడు ఊడదీయడానికి కోసింది అక్కడే.

నర్సింహమ్మ ఆ కుట్టు మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"శివమ్మా," అంది. ఇన్నాళ్లలో పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "నన్ను తిడుదువుగాని. రేపు బువ్వ తినే యాళ్లకు మోటరు బందుంటది గదా. అప్పుడు ఆ సంచి విప్పి సైరన్ కాడ నిలబడు."

"ఎందుకు నిలబడాలె?"

"నా మొగడు పండుకున్నడా లేదా, నీకే తెలుస్తది."

శివమ్మ ఆ మర్నాడు నిలబడింది. మోటరు ఆగి ఉంది, ట్యాంకు అడుగంటి ఉంది. సైరన్ ఒక్క కూత కూసి ఆగింది. పచ్చ లైటు. సాయంత్రం ఆటోలో ఆమె నర్సింహమ్మ పక్కనే వచ్చి కూర్చుంది.

"గీ సప్పుడు ఇన్నాళ్లు నువ్వే చేసినవా అక్కా?"

"నేనే."

"నేను కింద ఉండంగ?"

"నువ్వు కింద ఉన్నవని ఎరుక లేకముందు చేసిన." నర్సింహమ్మ ఆ బూటు కుట్టు వైపు చూసింది. "ఎర్కైనంక ఒక రోజు ఊకున్న. అది అబద్ధం చెప్ప."

శివమ్మ ఆమె వైపు అదోలా చూసింది. "నేనైతె ఇంకో రెండు రోజులు ఊకుందును," అంది. "ఇగ చెప్పు, ఆ సంగప్పను ఏం జేద్దాం?"

ఆ చుట్టుపక్కల కంపెనీ ఏదైనా ఆయుధపూజ తప్పదు. ఆ రోజు మోటర్లన్నీ ఆపి, కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. గేట్లు తెరిచి పనివాళ్ల ఇంటివాళ్లను కూడా రానిస్తారు. ట్యాంకులన్నీ ఖాళీ చేస్తారు. సైరన్ కూయడానికి లోకంలో కారణమంటూ ఉండని రోజు అదొక్కటే. బోర్డు ముందు కొబ్బరికాయ కొట్టడానికి ప్రతి ఏడూ సంగప్పనే పిలుస్తారు.

నర్సింహమ్మ సంపు దగ్గర చీపురు కట్టె పట్టుకుని, గోడకు చెవి ఆనించి నిలబడింది. తన పగ ఎలా తీరుతుందో ఆమె చూడలేదు, విన్నది మాత్రమే. గంట మోగింది. కొబ్బరికాయ పగిలింది. కామేశ్వరరావు ఏదో అంటుంటే జనం నిశ్శబ్దమయ్యారు. అప్పుడు బంతి లేపింది.

సంచి లేని సైరన్ గోడలదిరేలా కూసింది. ఆగింది. కలకలం మొదలైంది.

"ట్యాంకు ఖాళీగా ఉంది కదయ్యా!" కామేశ్వరరావు గొంతు. "ఇదెందుకు కూస్తోంది?"

"ఏం లేదు సార్, జెర తేమ సార్..." సంగప్ప గొంతు.

వాళ్లిద్దరి మీదుగా శివమ్మ గొంతు లేచింది. "తేమ కాదు సారు. మల్లన్న ఆనాడు చెప్పిన కూత గిదే. ఒక్కసారి కూసి ఆగింది, పచ్చ లైటు ఉన్నదన్నడు. సూడుండ్రి, ఇప్పుడు గూడ పచ్చగనే ఉన్నది. ఇగ నేను కూయమంటె కూస్తది." ఆ తర్వాత గోడ వైపు తిరిగి, పొలంలో పిలిచినట్టు గొంతెత్తింది. "ఓ నర్సక్కా! ఎత్తూ!"

నర్సింహమ్మ ఎత్తింది. సైరన్ కూసింది.

"దించూ!"

దించింది. ఆగింది.

"ఎత్తూ!"

జనం ముందు గుసగుసలాడారు, తర్వాత నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కామేశ్వరరావు అడగడం వినిపించింది.

"మా గుంపు నంబరు ఎంత పెట్టావు సంగప్పా?"

"తొమ్మిది సార్."

"గోడ అవతలిది?"

"తొమ్మిదే సార్."

"సీసాల కంపెనీది?"

ఆ మూడో జవాబు నర్సింహమ్మకు వినిపించలేదు. శివమ్మ ఏడుపు మాత్రం వినిపించింది. కోసి కుట్టిన బూట్లతో, అందరి మధ్య నిలబడి ఏడుస్తోంది. ఇటువైపు నర్సింహమ్మకు కన్నీళ్లు రాలేదు. చీపురు కట్టె గోడకు ఆనించి, బంతికి అంటిన తెట్టు మిగిలిపోయిందని గుర్తొచ్చి, అది కూడా గోకేసింది.

సంగప్ప మల్లయ్య వాకిట్లోకి వచ్చి, ఊరి ముందు తన తప్పు తాను చెప్పాలి. అప్పటిదాకా కంపెనీలోకి అడుగుపెట్టొద్దని కామేశ్వరరావు అన్నాడు. పండగ దాటాక ఒక మిట్టమధ్యాహ్నం తొమ్మిదో నంబరు స్కూటరు ముత్తంగిలో ఆగింది. సంగప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. టీ బండి దగ్గరివాళ్లంతా వెనకే వచ్చారు. బక్కమ్మ తన గడపలో పీట వేసుకుని కూర్చుంది.

వాకిట్లో వేపచెట్టు నీడలో మంచం, మంచం మీద మల్లయ్య. వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. పూజ నాటి కబురు వినగానే "గట్లనా" అని ఒక్క మాట అని ఒరిగినవాడు, అప్పటినుంచి లేచి తినడం, మళ్లీ పడుకోవడం. ఎవరు చూసినా చూడనీ అన్నట్టు, దారిలో పోయేవాళ్లందరికీ కనబడేలా మంచం బయట వేయించుకున్నాడు.

సంగప్ప గొంతు సవరించుకున్నాడు. "మల్లన్నా..."

మంచం కోడు దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న నర్సింహమ్మ పెదవుల మీద వేలు పెట్టింది.

"లేపద్దు."

"ఒక్క మాట చెప్పి పోత నర్సింహమ్మా. ఎండ మస్తు కొడుతున్నది."

"మీ డబ్బాలు నిద్రపోవు సారూ. మా మనిషి నిద్రపోతడు. లేచేదాంక గాడనే నిలబడు."

చెట్టు నీడ మంచం దాకే ఉంది. సంగప్ప నీడలోకి ఒక అడుగు వేయబోయాడు. నర్సింహమ్మ చింతపండు చేట ఆ చోటికి జరిపింది. అతను అడుగు వెనక్కి తీసుకుని ఎండలో నిలబడ్డాడు. ఎవరో దగ్గారు, ఆమె ఒక్క చూపు చూసింది, దగ్గు ఆగిపోయింది.

మల్లయ్య పక్కకు ఒత్తిగిల్లాడు. ఆమె కొంగుతో అతని ముఖం మీది ఈగను తోలి, ఇంకో గింజ తీసింది.